మన వైపు నీలి తిరుగుబాటు ఎందుకు జరగలేదు?



మన వ్యాసర్పాడి సభ్యుల ఇళ్లల్లో హైస్కూలు చదివే పిల్లకాయలు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగినారు. "బెంగాల్లో నీలి తిరుగుబాటు జరిగింది అని పుస్తకంలో ఉంది. చంపారన్‌కి గాంధీగారు పోయినారని ఉంది. మన మదరాసు రాజధానిలో కూడా నీలి పండిందని పెద్దవాళ్లు చెప్తారు. మరి మన వైపు రైతులు ఎందుకు తిరగబడలేదు? మనవాళ్లకి ధైర్యం లేదా?"

చివరి మాట మమ్మల్ని కొంచెం గుచ్చింది. దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పేస్తే సరిపోదు. అందుకే ఈ వారం పొడుగ్గా రాస్తున్నాం. మేము చదివింది అరవ మీడియం బడిలో. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే. భాష మోటుగా ఉంటే సర్దుకోండి, విషయం మాత్రం ఓపికగా చదవండి.

ముందు నీలి అంటే ఏమిటో చూద్దాం. ఈ కాలం పిల్లలకి నీలం అంటే తెల్ల చొక్కా ఉతికినాక చివరి నీళ్లలో వేసే చుక్కలే. అది వేరే సరుకు. అసలు నీలి ఒక మొక్క. నడుం ఎత్తు పెరుగుతుంది, ఆకు పచ్చగానే ఉంటుంది. అరవంలో దాన్ని అవురి అంటారు, మన ఇళ్లల్లో నీలిచెట్టు అంటాం. ఆకుని తొట్టిలో నీళ్లు పోసి నానబెడితే ఆ నీళ్లు పసుపూ పచ్చా కలిసిన రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లని ఇంకో తొట్టిలోకి వదిలి, కర్రలతో గంటల తరబడి చిలకాలి. గాలి తగిలేకొద్దీ నీళ్లు నీలంగా మారతాయి. మడ్డి అడుగుకు దిగుతుంది. దాన్ని కాచి, వడకట్టి, పిండి, బిళ్లలు కోసి నీడలో ఆరబెడితే అదే నీలిమందు. కుళ్లిన ఆకు కంపు మధ్య, తొడల దాకా నీళ్లలో నిలబడి కూలివాళ్లు చేసే పని అది.

ఈ బిళ్లల కోసం యూరపు దేశాలు ఎందుకు అంత ఎగబడ్డాయి? వాళ్ల మిల్లు గుడ్డలకీ సిపాయిల ఉడుపులకీ గట్టిగా నిలిచే నీలం రంగు కావాలి. అంతకు ముందు వాళ్లకి అది జాస్తిగా వెస్టిండీస్ దీవుల నుండి వచ్చేది. 1791లో సెయింట్ డొమింగ్ దీవిలో బానిసలు తిరగబడ్డారు, అక్కడి తోటలు నాశనమైనాయి. దాంతో ఇంగ్లీషు వర్తకుల కన్ను మన దేశం మీద పడింది.

బెంగాల్లో ఏం జరిగిందంటే, నీలి దొరలు పల్లెల మధ్యలోనే ఫ్యాక్టరీలు కట్టినారు. రైతుకి బయానా ఇచ్చి కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాళ్లు. రైతు తన నేలలో కనీసం నాలుగో వంతు నీలి వేయాలి. మంచి నేల ఏదో దొరే ఎంచుకుంటాడు, అంటే వరి పండే నేల పోతుంది. ధర కూడా దొరదే. పంట తీసుకుపోయి ఇస్తే, ఆ సొమ్ము బాకీ కిందికే పోయి మళ్లీ బయానా మొదలు. నాయన బాకీ కొడుకు మీద పడేది. ఒప్పుకోకపోతే లాఠీ మనుషులు వస్తారు, పశువుల్ని తోలుకుపోతారు, మనుషుల్ని ఫ్యాక్టరీ గోడౌన్లో పెట్టి కొడతారు.

1859లో నదియా జిల్లాలో రైతులు ఇంక నీలి వేయమని ఎదురు తిరిగినారు. బిష్ణుచరణ్ బిశ్వాస్, దిగంబర్ బిశ్వాస్ అనే ఇద్దరు ముందు నిలిచినారు. వాళ్లు ఒకప్పుడు నీలి ఫ్యాక్టరీలో పని చేసినవాళ్లే, లోపలి లెక్కలు తెలిసినవాళ్లు. ఆడవాళ్లు కుండలూ గిన్నెలూ పట్టుకుని లాఠీ మనుషుల మీదికి పోయినారు. 1860లో సర్కారు కమిషన్ వేసింది, రైతుని బలవంతం చేయకూడదని తేల్చింది. అదే సంవత్సరం దీనబంధు మిత్ర రాసిన 'నీల్ దర్పణ్' నాటకం అచ్చయింది. దాని ఇంగ్లీషు తర్జుమా వేయించినందుకు జేమ్స్ లాంగ్ అనే పాదిరీకి 1861లో నెల రోజులు జైలు, 1000 రూపాయలు జుర్మానా పడింది. ఆ జుర్మానా కట్టింది కాళీప్రసన్న సింహ అనే బెంగాలీ రచయిత. ఇది పిల్లల పుస్తకంలో ఉన్న కథ.

ఇప్పుడు మన వైపు వద్దాం.

మదరాసు రాజధానిలో నీలి చిన్న పంట కాదు. కడప, కర్నూలు, నెల్లూరు, ఉత్తరార్కాడు, దక్షిణార్కాడు జిల్లాల్లో బాగా పండింది. లండన్ బజారులో మన సరుకుకి ఒక పేరుండేది, 'కుర్పా' నీలి. కుర్పా అంటే వేరే ఏమీ కాదు, కడపే. ఇంగ్లీషువాడి నోట్లో పడి కడప అట్లా మారింది. సముద్రాల అవతల వేలంపాటలో కడప పేరు పలికింది అంటే అది మన రెడ్లో, కాపులో, పేరు తెలియని కూలివాళ్లో చిలికిన తొట్ల వల్లనే. గోదావరి వైపు సంగతి ఇంకొకటి. సామర్లకోటలో ఉన్న రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు, మన అంకుడు చెట్టు ఆకు నుండి కూడా నీలం తీయవచ్చని చూపించినాడు. ఏటికొప్పాక బొమ్మలు చేసేది ఆ అంకుడు కర్రతోనే.

ఇంత నీలి పండినా ఇక్కడ బెంగాల్ మాదిరి నీలి గొడవ లేవలేదు. దానికి మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

ఒకటి, నేల. బెంగాల్లో జమీందారీ ఉండింది. దొరలు జమీందారు దగ్గర ఊళ్లకు ఊళ్లే గుత్తకి తీసుకుని, రైతుకి తామే యజమానులై కూర్చునేవాళ్లు. కడప, కర్నూలు వైపు మన్రో దొర పెట్టిన రైతువారీ పద్ధతి. పట్టా రైతు పేరు మీద ఉంటుంది, పన్ను నేరుగా సర్కారుకి కట్టాలి. మధ్యలో నీలి దొర వచ్చి నువ్వు ఈ పంటే వేయాలి అని చెప్పే చోటు అంతగా లేదు.

రెండు, తొట్టి. అక్కడ తొట్లు దొర ఫ్యాక్టరీలో ఉంటాయి. ఇక్కడ చిన్న చిన్న తొట్లు ఊళ్లల్లోనే, ఊరివాళ్ల చేతుల్లోనే ఉండినాయి. తయారైన బిళ్లలు వర్తకుల చేతుల మీదుగా మదరాసుకి వచ్చి ఓడ ఎక్కేవి. ఇంగ్లీషు కంపెనీలు కొనేవి, కానీ ఎక్కువ భాగం సరుకు తయారయ్యాకే కొనేవి.

మూడు, ఆకు. బెంగాల్లో పచ్చి ఆకు కోసిన వెంటనే తొట్టిలో వేయాలి, లేకపోతే పాడైపోతుంది. అందుకని పక్కనున్న ఫ్యాక్టరీ చెప్పిన ధరకే ఇవ్వాలి. మన ఆర్కాడు వైపు ఆకుని ఎండబెట్టి దాచుకుని, తర్వాత నానబెట్టి నీలి తీసే పద్ధతి ఉండింది. ఎండిన ఆకు కొన్ని నాళ్లు ఆగుతుంది. ఆగగలిగినవాడు బేరం ఆడగలడు. సంతలో కూరగాయల వాడికీ చింతపండు వాడికీ తేడా మనకి తెలియదా?

ఇంతవరకు చదివి, అయితే మన రైతు సుఖంగా ఉన్నాడు అనుకోకండి. అసలు కథ ఇక్కడే మొదలవుతుంది.

రైతువారీలో దొర లేడు, కానీ సర్కారే దొర. పన్ను పంటలో సగానికి దగ్గరగా ఉండేది. అదీ రొక్కంగా కట్టాలి. వాన పడినా పడకపోయినా కిస్తీ తేదీ మారదు. సీడెడ్ జిల్లాల్లో 1800 నుండి 1807 దాకా కలెక్టరుగా ఉన్న మన్రో, పోతూ పోతూ ఈ పన్ను నాలుగో వంతు తగ్గించాలని తానే రాసినాడు. పైవాళ్లు వెంటనే ఒప్పుకోలేదు. జొన్న తింటే కడుపు నిండుతుంది, కానీ కిస్తీకి రూకలు కావాలి. నీలి అమ్మితే రూకలు వస్తాయి. మన రైతు చేత నీలి వేయించింది లాఠీ కాకపోవచ్చు, కానీ ఆ కిస్తీ కాగితం వేయించింది అని మా అభిప్రాయం.

కిస్తీ కట్టకపోతే? ఆ రోజుల్లో తాసిల్దారే పన్ను వసూలుకి పెద్ద, పోలీసుకీ పెద్ద. అవే బంట్రోతులు రెండు పనులూ చేస్తారు. అంటే నిన్ను కొట్టినవాడి మీద ఫిర్యాదు చెప్పుకోవాలంటే మళ్లీ అతని దగ్గరికే పోవాలి. కిట్టి అని ఒక సాధనం ఉండేది. రెండు కర్రముక్కల మధ్య చేతివేళ్లు పెట్టి నొక్కేవాళ్లు. ఇంకొక శిక్షలో మనిషిని నడుం వంచి, మెడకీ కాలి బొటనవేలికీ తాడు కట్టి ఎండలో నిలబెట్టేవాళ్లు, వీపు మీద రాయి పెట్టేవాళ్లు. ఒక రూపాయో రెండు రూపాయలో బాకీకి ఇదంతా. తొట్టిలో నీలి చిలికిన వేళ్లనే కిట్టిలో పెట్టి నొక్కినారు అని తలచుకుంటే మాకు అన్నం దిగదు.

బెంగాల్ రైతుకి శత్రువు కళ్లెదుట ఉన్నాడు, గుర్రం మీద తిరిగే తెల్లదొర. మన రైతుకి కళ్లెదుట ఉన్నది తన భాష మాట్లాడే బంట్రోతు, కరణం, తాసిల్దారు. వాళ్ల వెనకాల కలెక్టరు కచ్చేరీ, దాని వెనకాల కోట, దాని వెనకాల లండన్. ఎవరి మీద తిరగబడాలి?

ఈ ప్రశ్నకి జవాబు వెతికినవాడు మన మదరాసు తెలుగువాడే. పేరు గాజుల లక్ష్మీనరసు చెట్టి. 1806లో మదరాసులో పుట్టినాడు. నాయన సిద్ధులు చెట్టి నీలిమందు వర్తకుడు. కొడుకు కూడా వర్తకంలోనే పెరిగినాడు. కడప, ఆర్కాడు తొట్లలో చిలికిన నీలిమందు మీదనే ఆ కాలపు మదరాసు వర్తకుల ఇళ్లు నడిచినాయి. ఆ ఇంట్లో పుట్టినవాడు లెక్క పుస్తకం ఒకటే చూసుకుని కూర్చోలేదు.

1844లో ఆయన 'క్రెసెంట్' అనే ఇంగ్లీషు పత్రిక మొదలుపెట్టినాడు. ఎడ్వర్డ్ హార్లీ అనే ఇంగ్లీషువాడిని సంపాదకుడిగా పెట్టుకున్నాడు. ఎందుకు ఇంగ్లీషు? ఎవరికి వినిపించాలో వాళ్ల భాష అది. 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించినాడు. మన ఊళ్లో రాజకీయ సంఘం అంటే అక్కడి నుండి లెక్క వేయాలి. కాంగ్రెసు పుట్టడానికి ఇంకా 33 సంవత్సరాలు ఉన్నాయి.

1853లో కంపెనీ చార్టర్ మళ్లీ రాయాల్సి ఉంది. దానికి ముందుగానే ఈ సంఘం లండన్ పార్లమెంటుకి అర్జీ పంపింది. నేల పన్ను భారం, కోర్టుల ఆలస్యం, మొహతర్ఫా పన్ను అన్నీ అందులో ఉన్నాయి. మొహతర్ఫా అంటే మగ్గం మీద, పనిముట్ల మీద, చిన్న అంగడి మీద వేసే పన్ను. నేతవాళ్లు, కుమ్మరులు, చిల్లర వర్తకులు దాని కింద నలిగినారు.

వర్తకుడు కదా, ఇందులో ఆయన స్వార్థం లేదా అని అడిగేవాళ్లు ఉంటారు. ఉండవచ్చు. వర్తకుల మీద పన్ను తగ్గితే వర్తకులకి లాభమే. రైతు నిలబడితేనే సరుకు వస్తుంది అని వర్తకుడికి తెలియకుండా ఉండదు. కానీ అర్జీ పంపి ఊరుకున్నవాడైతే ఆ మాట సరిపోయేది. ఆయన అక్కడితో ఆగలేదు. డాన్బీ సేమూర్ అనే పార్లమెంటు సభ్యుడు 1853లో మదరాసు వచ్చినప్పుడు, ఆయన్ని జిల్లాలకి పిలుచుకుపోయి రైతుల నోటనే వాళ్ల గోడు వినిపించినాడు. అప్పటికి మన వైపు ఇంకా రైలు లేదు. రాయపురం స్టేషను తెరిచింది 1856లో. ఆ ప్రయాణం ఎట్లా జరిగి ఉంటుందో, రైల్వేలో జీతం తిన్న మేము మరీ బాగా ఊహించుకోగలం.

సేమూర్ తిరిగి పోయి 1854లో కామన్స్ సభలో మాట్లాడినాడు. మదరాసు రైతుని పన్ను కోసం హింసిస్తున్నారు అనే మాట లండన్లో పలికింది. కంపెనీ వాళ్లు మొదట ఒప్పుకోలేదు, తర్వాత విచారణ తప్పలేదు. ఇలియట్, స్టోక్స్, జాన్ బ్రూస్ నార్టన్ అనే ముగ్గురితో కమిషన్ పడింది. దూర జిల్లాల నుండి రైతులు నడిచి మదరాసుకి వచ్చి తమ చేతులు చూపించినారు. రెండు వేలకు దగ్గరగా ఫిర్యాదులు వచ్చినాయి. 1855లో రిపోర్టు బయటికి వచ్చింది. పన్ను వసూలుకి హింస వాడుతున్న మాట నిజమే అని సర్కారు కమిషనే రాసింది.

ధైర్యం లేదా అని అడిగిన పిల్లకాయలకి మా జవాబు ఇక్కడ ఉంది. ఊరి తాసిల్దారు మీద ఫిర్యాదు చెప్పి, మళ్లీ అదే ఊరికి, అదే తాసిల్దారు కిందికి తిరిగిపోవాలి. తెలిసి తెలిసి అంతమంది వచ్చినారు. దాన్ని ఏమంటారు? కర్ర ఎత్తితేనే తిరుగుబాటా?

ఆ రిపోర్టులో మనకి మింగుడుపడని సంగతి కూడా ఉంది. హింస చేసింది ఎక్కువగా నేటివ్ ఉద్యోగులే అని కమిషన్ రాసింది, తెల్ల అధికారుల మీద నింద పడకుండా చూసుకుంది. లండన్లో ఉన్న కార్ల్ మార్క్స్ 1857లో న్యూయార్క్ పత్రికలో ఈ రిపోర్టు మీద రాస్తూ, అంత తేలిగ్గా పైవాళ్లు తప్పించుకోలేరు అనే పక్షాన నిలిచినాడు. అది సరే. పైవాడి ఆజ్ఞ నిజమే, పన్ను లెక్క పైనుండి వచ్చిందీ నిజమే. కానీ కిట్టి నొక్కిన చెయ్యి మన చెయ్యి. గుమాస్తాగా బతికిన మాలాంటి వాళ్లు ఇది చదివి పక్కకి పెట్టేయలేం. పైనుండి లెక్క వస్తుంది, కింద మనిషి ఎదురుగా నిలబడతాడు, మధ్యలో మనం. అప్పుడు ఏం చేస్తాం అనేది ప్రతి ఆఫీసులో, ప్రతి తరంలో వచ్చే ప్రశ్నే.

ఫలితం ఏమైంది? 1859 మదరాసు పోలీసు చట్టంతో పన్ను వసూలు వేరు, పోలీసు వేరు అయినాయి. మొహతర్ఫా పోయింది. నేలను మళ్లీ కొలిచి పన్ను కట్టే పని మొదలైంది. అన్ని కష్టాలూ తీరిపోలేదు. 1876 నుండి 78 దాకా వచ్చిన ధాత కరువులో అదే కడప, కర్నూలు, బళ్లారి ఎట్లా చచ్చిపోయినాయో మన పెద్దవాళ్ల మాటల్లో ఇంకా మిగిలి ఉంది. కానీ కచ్చేరీలో రైతు వేళ్లు నొక్కడం సర్కారు కళ్లు మూసుకునే మామూలు పనిగా ఇంక మిగల్లేదు.

లక్ష్మీనరసు చెట్టి 1863లో మదరాసు శాసన మండలి సభ్యుడైనాడు. 1868లో పోయినాడు. అప్పటికి సంపాదన అంతా ప్రజల పనులకే కరిగిపోయింది.

ఆయన తర్వాత నీలి కథ త్వరగానే ముగిసింది. 1897లో జర్మనీ వాళ్ల బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఫ్యాక్టరీలో చేసిన నీలాన్ని బజారులోకి దించింది. మన నీలి ధర పడిపోయింది. బీహారులో దొరలు ఆ నష్టాన్ని రైతు నెత్తిన వేయబోయినారు. అక్కడ 20 కట్టాల బిఘాలో 3 కట్టాలు నీలి వేయాలి, దాన్ని తీన్‌కఠియా అనేవాళ్లు. రాజ్‌కుమార్ శుక్లా అనే రైతు వెంటపడి పిలిస్తే గాంధీగారు 1917లో చంపారన్ పోయినారు. ఆయన అక్కడ చేసిన మొదటి పని ఏమిటి? వేల మంది రైతుల వాంగ్మూలాలు రాయించడం. 1918లో చట్టం వచ్చి తీన్‌కఠియా పోయింది. ఊరూరా తిరిగి రైతు గోడు విని, దాన్ని పై దాకా చేర్చే ఆ పని, 60 సంవత్సరాల ముందే మన మదరాసులో ఒకసారి జరిగింది.

ఆ 1918 ఏప్రిల్లోనే మన పెరంబూరు పక్కన బిన్నీ మిల్లు కూలివాళ్ల కోసం మదరాసు లేబర్ యూనియన్ పుట్టింది. మన వ్యాసర్పాడి కుటుంబాల్లో ఆ మిల్లులో పని చేయనివాళ్లు ఎందరు? మన తాతలు చాలామంది నెల్లూరు, చిత్తూరు వైపు నేల వదిలి, మిల్లుకో రైల్వే వర్క్‌షాపుకో వచ్చినవాళ్లు. ఎందుకు వదిలినారు అని మనం ఎప్పుడైనా అడిగినామా? కరువు అంటారు, బాకీ అంటారు. ఆ బాకీ వెనకాల కిస్తీ కాగితం ఉంది.

ఇప్పుడు సంఘానికి రెండు మనవులు.

ఒకటి. మన సంఘం ఉగాది సభలో రాయలవారి గురించి, త్యాగయ్య గురించి మాట్లాడుకుంటాం. మంచిదే. ఈసారి ఒక అరగంట గాజుల లక్ష్మీనరసు చెట్టికి ఇవ్వండి. అరవవాళ్ల ఊళ్లో మనకేం చరిత్ర ఉంది అని మన పిల్లకాయలు తల వంచుకుంటున్నారు. ఈ ఊళ్లో మొదటి రాజకీయ సంఘం పెట్టింది తెలుగువాడు అని, ఆ సంఘం అరవ రైతుకీ తెలుగు రైతుకీ కలిపి నోరిచ్చింది అని వాళ్లకి తెలియాలి.

రెండు. మీ ఇళ్లల్లో పాత ట్రంకు పెట్టెల్లో పట్టా, చిట్టా, అడంగల్, కిస్తీ రసీదు ఏదైనా ఉంటే పారేయకండి. తాతగారి ఊరి పేరు, సర్వే నంబరు, పంట పేరు అందులో ఉంటాయి. పంట కాలంలో 'నీలి' అనో 'అవురి' అనో కనిపిస్తే ఒక ఫోటో తీసి ఇక్కడే పెట్టండి. చదవడానికి రాకపోతే మాకు చూపించండి. పాత గుమాస్తాల చేతిరాత చదవడం మాకు అలవాటే.